కల్లం కింద లోతు

కొత్తగా పనిలో చేరినవాళ్ళకు తరగతులు చెప్పే బాధ్యత ఈ ఏడు నా మీద పడింది. నాకే ఇంకా ముప్పై నిండలేదు. అయినా ఎండలో తిరగడం మాని కుర్చీ ఎక్కినవాణ్ణి కాబట్టి, మీ లెక్కలో నేను రిటైరైనట్టే. "పటం తప్పని ఎలా తెలుస్తుంది సార్?" అని మీలో ఒకరు మొన్న అడిగారు. అంతలో గంట కొట్టారు, నేను తప్పించుకున్నాను. జవాబు ఇక్కడ రాస్తున్నాను.

ముందు పని సంగతి. ఎక్కడ నిలబడినా మన కాళ్ళ కింద కొంత మన్ను, దాని కింద మొరం లాంటి గరుసో రాయో ఉంటుంది. ఆ పైమన్ను ఎక్కడెక్కడ ఎంత మందంగా ఉందో దేశమంతా కొలిచి పటాలు వెయ్యాలి. బావి తవ్వేవాడికి, రోడ్డు వేసేవాడికి, కాలువ తీసేవాడికి అది ముందే తెలిస్తే సగం శ్రమ తప్పుతుంది. మా ఇంట్లో మాత్రం నేను బంగారం వెతుకుతున్నానని చాలాకాలం అనుకున్నారు. మన్ను కొలుస్తున్నానని తెలిశాక సంబంధాలు తేవడం కొంత తగ్గించారు.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. మా వంతుకు వచ్చింది ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం. ఉత్తరాన మంత్రాలయం దగ్గర తుంగభద్ర, పడమట కోసిగి, హాలహర్వి దాటితే కన్నడ నేల. మధ్యలో ఎటు చూసినా నల్లరేగడి. వేసవిలో నెర్రెలు విచ్చి కాలు ఇరుక్కుంటుంది, వాన పడితే చెప్పు ఊడిపోతుంది. కొలవడానికి మా దగ్గర ఉన్నవి ఇవి: ఒక చేతి బర్మా, అంటే వడ్రంగి బర్మాకు పెద్దన్న లాంటిది. దాన్ని తిప్పడానికి నలుగురు మనుషులు. ఒక టేపు, గుడ్డ సంచులు, నీళ్ళ క్యాను, మా ఆఫీసుకు పెద్దైన పెద్దాయన గొడుగు. బర్మా నేలలోకి దించుతూ పోవాలి, రాయి తగిలి ఆగిన చోట లోతు రాసుకోవాలి. తర్వాత ఆ అంకెలను పటం మీద పెట్టి, ఒకే మందం ఉన్న చోట్లను గీతలతో కలపాలి. ఇంతకంటే సాంకేతిక విషయం ఈ కథకు అక్కర్లేదు.

ఆఫీసు ఆదోనిలో ఒక పత్తి గోదాం మీద మేడగది. మిల్లుల నుంచి పత్తి నుసి గాలికి వచ్చి సిరాలో పడేది. మా డ్రాఫ్ట్స్‌మన్ కిటికీకి తడిగుడ్డ కట్టుకుని దానితో రోజూ యుద్ధం చేసేవాడు. ఆయనది కృష్ణా జిల్లా. అంత అందమైన గీత గీసే చెయ్యి నేను మళ్ళీ చూడలేదు. ఆయనకున్న ఒకే చిక్కు చుక్కల గీత. తెలిసిన చోట నిండు గీత, ఊహించిన చోట చుక్కల గీత అని మా పెద్దాయన నియమం. చుక్కలు చూస్తే పటం ఇంకా నిద్రలోనే ఉన్నట్టు అనిపిస్తుందని డ్రాఫ్ట్స్‌మన్ బాధ. పెద్దాయన క్యాంపుకు వెళ్ళిన రోజుల్లో చుక్కలు ఒకదానికొకటి అంటుకుపోయేవి.

బర్మా మేస్త్రీది హాలహర్వి దగ్గర ఊరు. కోపం వస్తే కన్నడం, సంతోషం వస్తే తెలుగు. బర్మా పళ్ళంటే ఆయనకు సొంత పళ్ళకంటే ఎక్కువ. అరిగిపోతే కొత్తవి మద్రాసు నుంచి రావాలి. అందుకని ఎక్కడ దించమన్నా ముందు మడమతో నేల తొక్కి చూసి, మెత్తగా ఉన్న చోటే పెట్టేవాడు. ఇది గుర్తుంచుకోండి.

ఇంకొకటి కూడా గుర్తుంచుకోవాలి. ఎమ్మిగనూరు దగ్గర పత్తిచేలో మేము తొక్కిన మొక్కలకు ఒక రైతు తహసీల్దారు దాకా వెళ్ళాడు. ఆయన కోపం న్యాయమైనదే. పైనుంచి మాకు ఉత్తర్వు వచ్చింది: పైరున్న చేలో అడుగు పెట్టవద్దు, ఖాళీ స్థలంలోనే కొలవండి. జొన్న మోకాలెత్తు పెరిగిన కాలంలో ఊరి చుట్టూ ఖాళీగా ఉండేవి రెండే, బండిదారులు, నిరుడు పంట నూర్చిన కల్లాలు.

అలా కోసిగి వైపు ఒక ఊరికి వెళ్ళాం. ఊరికి తూర్పున ఒకే పెద్దరైతువి మూడు కల్లాలు వరసగా ఉన్నాయి. ఆ ప్రాంతమంతా నాలుగైదు అడుగులకు గరుసు తగులుతుంటే ఈ మూడు కల్లాల్లోనూ బర్మా పదమూడు, పధ్నాలుగు అడుగులు దిగింది. పైకి వచ్చిందల్లా నల్లమన్నే. మరో విచిత్రం, మిగతా ఊళ్ళలో బర్మా దించితే జనం మూగి, నీళ్ళు పడతాయా అని ప్రాణం తీసేవాళ్ళు. ఇక్కడ దూరంగా నిలబడి చూశారు. ఒక్కరూ ఒక్క మాట అడగలేదు. మర్యాదస్తుల ఊరు అనుకున్నాను.

ఆ మూడు లోతులూ ఆదోని చేరాక డ్రాఫ్ట్స్‌మన్ కళ్ళు మెరిశాయి. మూడింటినీ కలిపి, దక్షిణంగా పోయే ఒక ఎండు వాగులోకి, ఆ సీమ మాటలో వంకలోకి, గీత సాగదీసి, పూర్వం ఇక్కడ పెద్ద వంక పారేదని, అది మన్నుతో పూడిపోయిందని తేల్చాడు. చెప్పేతీరు ఎంత బాగుందంటే నాకు ఆ వంకలో నీళ్ళ చప్పుడు కూడా వినిపించింది. గీతలన్నీ నిండు గీతలు. పెద్దాయన అప్పుడు కర్నూలులో ఉన్నాడు.

మా పటాలు బీరువా దాటి పోవని మాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకమే చెడింది. ఆ వైపు ఒక పిల్లకాలువ తీస్తున్నవాళ్ళు మా కాగితాన్ని అడిగి తీసుకుపోయారు. నల్లరేగడి లోతుగా ఉన్న చోట కాలువ గట్టు నిలవదు. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చీలుతుంది. అందుకని వాళ్ళ ఇంజనీరు మా పూడిపోయిన వంకను తప్పించి, కాలువ దారిని పక్కనున్న గరుసు మిట్ట మీదకు మళ్ళించాడు. పటం ప్రకారం సరైన పనే. కాకపోతే ఆ మిట్ట మీద ఒక పేట ఉంది. కూలిజనం ఇళ్ళు, ఒక పక్క హిందువులవి, ఒక పక్క క్రైస్తవులవి, మధ్యలో బోదగడ్డి కప్పిన చిన్న ప్రార్థన గది. మంచి నేలంతా చేలకు పోగా వాళ్ళకు మిగిలింది ఆ మిట్టే.

ఇదంతా నాకు తెలిసింది కొలతలకు ఆ దారిన మళ్ళీ పోయినప్పుడు. పేట నడుమ సున్నం కొట్టిన రాళ్ళు వరసగా పాతి ఉన్నాయి. ఒక ఇంటి ముందు రాయికి మేక కట్టి ఉంది. వాకిట్లో ఒక అవ్వ చింతపండు పిక్కలు తీస్తూ కూర్చుంది.

"ఈ రాయి నీదేనా అప్పా?" అంది.

నాది కాదని, కాలువ వాళ్ళదని చెప్పాను.

"వాళ్ళనడిగితే మీదంటారే. మన్ను కొలిసే సార్లు కాయితం రాసిచ్చినారు, దాని పకారం పాతినాము అంటిరి." ఆమె గొంతులో కోపం లేదు. "రాళ్ళుంటే ఇండ్లు తీసేయల్లంట. మేకకు మాత్రం బాగుండాది. గుంజ కొట్టే పని తప్పింది."

మేస్త్రీ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇళ్ళు తీస్తే ఎక్కడికి పోతారని అడిగాను. పంటలు లేని ఏడు ఎట్లాగూ మూటలు కట్టుకుని పనికి పోతూనే ఉంటామని, పోవడం కొత్త కాదని, తిరిగి వచ్చేదానికి ఒక ఇల్లు ఉండేదని ఆమె చెప్పింది. ఆ మాట అని మళ్ళీ పిక్కలు తీయడంలో పడింది.

ఆ సాయంత్రం బస్సులో కూర్చుని నాకు అలవాటైన పని చేశాను. లోతు కొలిచిన చోట్లన్నిటినీ మనసులో రెండు వరసలుగా పెట్టాను. బండిదారుల్లో కొలిచినవి ఒకటి, కల్లాల్లో కొలిచినవి ఒకటి. దారుల్లో ఎక్కడా లోతు లేదు. ఈ ఊరి కల్లాల్లో తప్ప లోతన్నది లేదు. వంక అయితే దారి కిందనుంచి కూడా పోవాలి కదా, కల్లాలను మాత్రమే వెతుక్కుంటూ పారిన వంక ఏమిటి? పక్కన కునుకుతున్న మేస్త్రీని లేపి, ఆ కల్లాల్లో బర్మా పెట్టే చోటు ఎలా చూశావని అడిగాను. కల్లమంటే తొక్కి తొక్కి రాయిలా అయిన నేల, ఒక్కోదాంట్లో ఒక్క చోటు మాత్రం కొంచెం కుంగి మెత్తగా ఉండిందని, అక్కడే పెట్టానని చెప్పాడు. చెబుతూ చెబుతూ తనే ఆగిపోయాడు.

"పాతర," అన్నాడు. "సార్, మనము జొన్నపాతర్లలో దించినామేమో."

ఆ సీమలో పుట్టని మీకోసం: కల్లం పక్కనో, కల్లంలోనో గరుసులోకి లోతుగా గొయ్యి తవ్వి, చుట్టూ చొప్ప పేర్చి, జొన్నలు పోసి, పైన బండ మూసి మన్ను కప్పేస్తారు. అదే పాతర. ఏళ్ళ తరబడి గింజ నిలవుంటుంది. పనికిరాని పాతరను మన్నుతో పూడ్చేస్తారు. పోసేది చుట్టుపక్కల నల్లమన్నే కాబట్టి బర్మాకు తేడా తెలియదు.

మర్నాడు పెద్దరైతు దగ్గరికి వెళ్ళాను. మజ్జిగ ఇచ్చాడు, పిల్లలెందరని అడిగాడు, పెళ్ళి కాలేదంటే జాలిపడ్డాడు. పాతర్ల మాట ఎత్తగానే ఆ ఊరికే పాతర్లు తెలియవన్నట్టు మాట్లాడాడు. తాతలనాడు ఉండేవేమో అన్నాడు. కాలువ మిట్ట మీదకు పోతే ఆయన చేలకే నీళ్ళు అందవని చెప్పి చూశాను. ముఖంలో బాధ కనిపించింది, మాట మాత్రం మారలేదు. కల్లంలో ఇంకొకసారి తవ్వనివ్వమంటే, కోత దగ్గరపడింది, కల్లం అలకాలి, కుదరదన్నాడు.

ఊరు దాటాక మేస్త్రీ సంగతి కనుక్కుని వచ్చాడు. కరువు రోజుల్లో సర్కారు బలవంతంగా వసూలు చేసే లెవీ ధాన్యం కోసం వచ్చిన ఉద్యోగులు ఇనప కడ్డీలు నేలలో పొడిచి పాతర్లు వెతికేవారట. దొరికితే ధాన్యం బండ్లకెత్తుకుని, రైతును కచ్చేరికి తీసుకుపోయేవారట. మళ్ళీ ఇన్నేళ్ళకు ఖాకీ టోపీ పెట్టుకుని, అంతకంటే పొడుగు ఇనప కడ్డీతో, నేరుగా కల్లాల్లోకి వచ్చి దించినవాళ్ళం మేమే. మర్యాదస్తుల ఊరు ఎందుకు నోరు మెదపలేదో అప్పుడు తెలిసింది.

పెద్దాయనకు అంతా చెప్పాను. ఆయన తమలపాకు నమిలి మింగేదాకా మాట్లాడడు. ఈసారి ఇంకో ఆకు కూడా వేసుకున్నాడు. చివరికి రెండు మాటలన్నాడు. కల్లాల పక్కన బండిదారిలో మరో రెండు చోట్ల దించండి. నాలుగు అడుగులకే రాయి తగిలినా, వంక అక్కడ సన్నబడిందని వాళ్ళు అనవచ్చు, కాబట్టి పాతర గొయ్యిని వాళ్ళ కళ్ళకే చూపించాలి. కాలువ ఇంజనీరు వచ్చే వారం వచ్చి దారి ఖాయం చేస్తాడు, ఆ తర్వాత ఎవరూ మార్చలేరు. బండిదారిలో దించాం. నాలుగు అడుగులకే గరుసు తగిలింది. డ్రాఫ్ట్స్‌మన్ ఆ అంకెలు చూసి, సరిగ్గా పెద్దాయన చెప్పినట్టే, వంక అక్కడ సన్నబడిందన్నాడు.

ఇంజనీరు వచ్చిన రోజు ఊరంతా కల్లం చుట్టూ చేరింది. పేట జనం ఒక వైపు, రైతులు ఒక వైపు. ఇంజనీరు మంచివాడే, తొందరమనిషి. జీపు ఇంజను ఆపనివ్వలేదు. నా అనుమానం చెప్పాను. ఆయన రైతును అడిగాడు. రైతు నేలకేసి చూస్తూ, పాతర్లు లేవన్నాడు.

ఇంజనీరు గడియారం చూసుకున్నాడు. ఒక పేట మొత్తం ఆ గడియారం ముల్లు మీద నిలబడి ఉన్నట్టు అనిపించింది.

అప్పుడు మేక అవ్వ ముందుకు వచ్చింది. ఆమె ఏడాదంతా ఆ రైతు చేలలోనే కూలి. ఆ సంగతి అందరికీ తెలుసు, అందుకే పేటవాళ్ళలో ఒకాయన చెయ్యి పట్టుకుని ఆపబోయాడు. విదిలించుకుంది.

"ఆ మూడు పాతర్ల నోట్లో మన్ను పోసింది నేనే అయ్యా," అంది రైతుతో. "గంపలెత్తి గంపలెత్తి నా నెత్తిన ఎంటికలు ఊడిపాయ. నువ్వు మర్సిపోయినా నా నెత్తి మర్సిపోల్యా."

రైతు తలెత్తలేదు.

"లెవీ వోళ్ళు పోయి శానా దినాలాయ. ఇంగా యెవురికి బయపడతాండావు? నీ సేనికి నీళ్ళు రాకుండా పోతాండాయి, నా ఇల్లు పోతాండాది. పాతర ఒకటి మాత్రం బద్రంగా ఉండాది."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. రైతు మా పెద్దాయన వైపు తిరిగాడు. ఇంజనీరును కాదు, గొడుగు పట్టుకున్న మనిషిని అడిగాడు.

"సార్, సూపిస్తే కచ్చేరికేమీ పిలవరు కదా?"

ఇంజనీరు నవ్వాడు. మా పెద్దాయన నవ్వలేదు. ఆకు పక్కకు నెట్టుకుని నిదానంగా చెప్పాడు. "మీ జొన్నలతో మాకు పని లేదన్నా. మన్ను ఎంత లోతుందో అదొక్కటే కావాలి. నేను రాసే కాగితంలో మన్ను మాటే ఉంటుంది."

రైతు పార అడిగి తీసుకున్నాడు. వెతుక్కోలేదు. మేము బర్మా దించిన చోటికి చేయిచాపు దూరంలో తనే తవ్వాడు. మోచేతి లోతులో బండ తగిలింది. పూడ్చకుండా వదిలిన నాలుగో పాతర అది. నలుగురు కలిసి బండను పక్కకు జరిపారు. మగ్గిన వాసన గుప్పున వచ్చింది. తొందరమనిషి ఇంజనీరు వెంటనే లోపలికి వంగబోతే మేస్త్రీ ఆయన భుజం పట్టుకుని వెనక్కి లాగాడు. మూసిన పాతరలో గాలి చంపేస్తుంది. లాంతరు తాడు కట్టి దింపారు. సగం దిగేసరికి ఆరిపోయింది. వేపమండలతో గాలి తోడి, మళ్ళీ దింపి, అది వెలుగుతూ అడుగుదాకా పోయేవరకు ఎవ్వరం కదల్లేదు. జీపు ఇంజను ఎప్పుడు ఆపారో నాకు గుర్తులేదు.

నేనూ ఇంజనీరూ తాడు పట్టుకుని దిగాం. పాఠ్యపుస్తకంలో బొమ్మ వేసినట్టు ఉంది గోడ. పైన నాలుగు అడుగుల నల్లమన్ను, దాని కింద అడుగుదాకా పచ్చటి గరుసు. గడ్డపార దెబ్బలు నిన్న కొట్టినట్టు ఉన్నాయి. వంక లేదు, పూడిక లేదు. మనుషులు తవ్వుకున్న గొయ్యి, అంతే. ఇంజనీరు గరుసును గోటితో గీకి చూశాడు. "గట్టు నిలుస్తుంది," అన్నాడు. ఆ రెండు మాటలూ విని నేను గోడకు ఆనుకున్నాను.

అడుగున కొన్ని జొన్నలు నల్లబడి, గడ్డకట్టి ఉన్నాయి. భయంతో దాచి, భయంతోనే తీయక వదిలేసినవి. రెండు గుప్పిళ్ళు పైకి అందించాం. అవ్వ వాసన చూసింది.

"తిననీకి పనికిరావు," అని మాత్రం అంది. ఆ ఏళ్ళలో ఆ పేట ఏం తిందో నేను అడగలేదు. రైతు మాత్రం ఆ మాటకు ముఖం తిప్పుకున్నాడు. కోతలప్పుడు ఆమెను పనికి పిలవడేమోనని నేను లోపల భయపడ్డాను. పిలిచాడు. ఎప్పటిలాగే కల్లం అలకడం దగ్గర్నుంచీ పిలిచాడని మేస్త్రీ వాకబు చేసి చెప్పాక, నాకు రెండోసారి ఊపిరి వచ్చింది.

ఆదోనిలో డ్రాఫ్ట్స్‌మన్ బ్లేడు తీసుకుని తన వంకను తనే గీకేశాడు. చాలా అందమైన వంక. తర్వాత పటమంతా పరిచి, ఎక్కడెక్కడ చుక్కలు కలిసిపోయాయో ఆయనే వెతికి విడదీశాడు. పెద్దాయన చూసి ఒక తమలపాకు ఇచ్చాడు. మా ఆఫీసులో అంతకంటే పెద్ద బహుమానం లేదు.

ఇక మీ ప్రశ్నకు జవాబు. పటం తప్పని పటంలో తెలియదు. ఎక్కడ కొలిచామో చూసుకున్నంత శ్రద్ధగా, అక్కడే ఎందుకు కొలిచామో చూసుకోండి. మేము పైరు తొక్కకూడదని కల్లంలోకి పోయాం, పళ్ళు అరక్కూడదని మెత్తటి చోటు వెతికాం. రెండూ మంచి ఉద్దేశాలే. రెండూ కలిసి మమ్మల్ని మూడుసార్లు పాతర నోటికే తీసుకుపోయాయి. ఇంకొకటి, కడ్డీ పట్టుకుని ఊళ్ళోకి పోయినప్పుడు మీకంటే ముందు ఎవరు కడ్డీ పట్టుకుని వచ్చారో అడగండి.

కాలువ పాతదారినే, రైతు చేల పక్కనుంచే పోయింది. అచ్చు వేసిన కాగితం చేతికొచ్చాక కోసిగి బస్సెక్కి పేటకు వెళ్ళాను. సున్నం రాళ్ళన్నీ తీసుకుపోయారు, ఒక్కటి తప్ప. మేక అలవాటు పడిందని అవ్వ దాన్ని ముట్టనివ్వలేదట.

పటం అరుగు మీద పరిచాను. "నా ఇల్లు యాడుండాది?" అని అడిగింది. మా పటాల్లో ఇళ్ళుండవు, అంకెలే ఉంటాయి. మిట్ట దగ్గరున్న ఒక అంకె మీద వేలు పెట్టి చూపించాను.

"యేమని రాసినారు ఆడ?"

"ఒకటి అవ్వా. ఒక్క అడుగు మన్ను."

"ఇంత తిరిగి, ఇన్ని దినాలు కొలిసి, మా ఇంటి కింద అడుగు మన్నేనా?"

"అడుగే. దాని కింద అంతా రాయే."

ఆమె ఆ అంకెను వేలితో తడిమి చూసింది. తర్వాత లేచి, రాయికి కట్టిన మేకను విప్పుతూ అంది.

"అయితే ఇల్లు యాడికీ పోదులే."